బస్తర్ అనుభవం విదేశీ సదస్సుకు చేరేదెలా?

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య శాఖ బస్తర్ డివిజన్‌లో చేపట్టిన పని మామూలు మలేరియా కార్యక్రమాలకు భిన్నమైనది. మామూలుగా జ్వరం వచ్చినవాళ్లకే రక్తపరీక్ష చేస్తారు. ‘మలేరియా ముక్త్ బస్తర్’ పేరుతో మొదలైన ఈ కార్యక్రమంలో మాత్రం జ్వరం ఉందా లేదా అని అడగలేదు. ఇంటింటికీ వెళ్లి, ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి వేలి కొనను సూదితో గుచ్చి, ర్యాపిడ్ టెస్ట్ కిట్‌తో పరీక్షించారు. మొదటి విడతలోనే 14 లక్షల మందికి పరీక్షలు జరిగాయి. 64 వేల మందికి పైగా మలేరియా ఉన్నట్టు తేలింది. వాళ్లలో సగానికి పైగా జనానికి జ్వరం లేదు, వణుకు లేదు, తలనొప్పి కూడా లేదు. పొలానికీ అడవికీ సంతకూ మామూలుగానే తిరుగుతున్నారు.

దీనికి కారణం ఏమిటి? మలేరియా ఎక్కువగా ఉండే చోట పుట్టి పెరిగిన వారికి చిన్నప్పటి నుంచి ఆ జబ్బు పదేపదే సోకుతుంది. దానితో శరీరానికి కొంత రక్షణ వస్తుంది. పరాన్నజీవి రక్తంలో తక్కువ సంఖ్యలో ఉంటుంది, మనిషిని మంచాన పడేయదు. అలాగని పూర్తిగా పోదు కూడా. దోమ కుట్టినప్పుడు ఆ కొద్ది పరాన్నజీవులే దోమలోకి చేరి, అక్కడి నుంచి పక్కింటి పసిపాపకో గర్భిణికో చేరతాయి. జ్వరం వచ్చినవాళ్లకు మాత్రమే మందిస్తూ పోతే ఈ గొలుసు తెగదు. కొండ వాగుల ఒడ్డున పెరిగే అనాఫిలస్ ఫ్లూవియాటిలిస్, ఊళ్ల చుట్టూ తిరిగే అనాఫిలస్ క్యూలిసిఫేసిస్ అనే రెండు రకాల దోమలూ ఉన్న బస్తర్‌లో ఇది మరీ నిజం.

ఏడు జిల్లాల ఈ డివిజన్ విస్తీర్ణంలో కేరళ కంటే కాస్త పెద్దది. జగదల్‌పూర్ దాటి సుక్మా, కోంటా వైపు వస్తే మన భద్రాచలం. బీజాపూర్ వైపు వెళితే ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు. ఆ సరిహద్దు ఊళ్లలో తెలుగు వినిపిస్తుంది. చెర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల్లో పనిచేసే మన ఆరోగ్య కార్యకర్తలకు బస్తర్ మలేరియా కొత్త సంగతి కాదు.

లక్షణాలు లేని మలేరియాను అడవి పల్లెల్లో, రోడ్డు లేని చోట, నాలుగైదు భాషలు మాట్లాడే జనంలో వెతికి పట్టుకోవడం ఎలా అన్న ప్రశ్న ఆఫ్రికాలో చాలా దేశాలకుంది. దానికి జవాబులో కొంత భాగం బస్తర్‌లో ఉంది. ఆ జవాబు తెలిసిన వ్యక్తి విదేశీ ప్రజారోగ్య సదస్సుకు వెళ్లి చెప్పాలంటే ముందుగా కావలసింది వీసా. సైన్సు వ్యాసంలో వీసా గొడవ ఎందుకని అనిపించవచ్చు. ఏ విజ్ఞానం ఎవరి చెవిన పడాలో నిర్ణయించే వాటిలో అదీ ఒకటి కాబట్టి.

ఒక చిన్న ప్రోటీన్ కథ

సదస్సుకు నేరుగా వెళ్లడం అంత అవసరమా, పరిశోధన పత్రం చదివితే సరిపోదా అని అడిగేవారికి ఒక ఉదాహరణ. ర్యాపిడ్ టెస్ట్ కిట్ మలేరియా పరాన్నజీవిని నేరుగా చూడదు. ఫాల్సిపారం రకం విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్‌ను పట్టుకుని గీత చూపిస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు కొన్ని పరాన్నజీవుల్లో లోపిస్తుంది. అప్పుడు ఒంట్లో మలేరియా ఉన్నా కిట్ మీద గీత పడదు. ఈ సంగతి మొదట 2010లో దక్షిణ అమెరికాలోని పెరూ నుంచి బయటికొచ్చింది. తరువాత ఛత్తీస్‌గఢ్‌తో సహా మన దేశంలోని కొన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి పరాన్నజీవులు ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో సమస్య ఎంత ముదిరిందంటే, 2016లో ఆ దేశం వాడే కిట్లనే మార్చుకోవాల్సి వచ్చింది. ఈ కారణంగా తప్పిపోయే కేసులు 5 శాతం దాటితే కిట్ మార్చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

గీత పడకపోయినా ‘ఈ పిల్లకు మలేరియానే’ అని అనుమానించింది ఎవరు? స్లైడ్ మళ్లీ చూడమని పట్టుబట్టింది ఎవరు? కిట్లు ఎండలో మగ్గి పాడయ్యాయా, పరాన్నజీవే మారిందా అన్నది ఎలా తేల్చుకున్నారు? ఇలాంటివి పత్రాల్లో ఒక వాక్యంగా కూడా కనిపించవు. పోస్టర్ ముందు నిలబడి, బస్తర్ లాబ్ టెక్నీషియన్ ఎరిట్రియా లాబ్ టెక్నీషియన్‌ను అడిగితే తెలిసేవి ఇవి.

నేను చదువుకున్నది భౌతికశాస్త్రం. అందులో డిటెక్టర్ పెట్టి కణాలను లెక్కించేటప్పుడు మొదట అడిగే ప్రశ్న, ఈ డిటెక్టర్‌కు ఏ కోణం నుంచి వచ్చే కణాలు కనిపిస్తాయి, ఏవి కనిపించవు అని. ఆ సవరణ చేయకుండా లెక్క చెబితే ఎవరూ ఒప్పుకోరు. అంతర్జాతీయ సదస్సు కూడా ఒక డిటెక్టర్ లాంటిదే. అక్కడ వినిపించిన దాన్నే ప్రపంచ అనుభవం అనుకుంటాం. ఏ దేశం పాస్‌పోర్టు ఉన్నవారు హాలు దాకా రాగలిగారు అన్న సవరణ మాత్రం ఎవరూ చేయరు.

తేదీల లెక్క

ఇక అసలు పనికి వద్దాం. జగదల్‌పూర్ దగ్గర పనిచేసే ఒక ఆరోగ్య కార్యకర్త పంపిన సారాంశం ఐరోపాలో జరిగే సదస్సుకు ఎంపికైందని అనుకుందాం. సాధారణంగా ఎంపిక కబురు సదస్సుకు రెండు, మూడు నెలల ముందు వస్తుంది. వినడానికి చాలినంత సమయంలాగే ఉంటుంది. కానీ ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అనుమానం వస్తే 45 రోజుల వరకు పట్టవచ్చు. దానికి ముందు అపాయింట్‌మెంట్ దొరకాలి. వేసవిలో, అంటే సరిగ్గా పెద్ద సదస్సులు జరిగే కాలంలో, విహారయాత్రలకు వెళ్లేవారితో ఆ తేదీలు నిండిపోతాయి. వీటన్నిటినీ వెనక్కి లెక్కవేసుకుంటే, ఎంపిక కబురు వచ్చిన రోజున పాస్‌పోర్టు చేతిలో లేనివారు అప్పటికే ఆలస్యమైనట్టే.

కాబట్టి సారాంశం పంపే రోజునే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయడం మేలు. ఇక్కడే మొదటి చిక్కు పేరు. తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మార్కుల పత్రంలో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. బస్తర్‌లో గోండి, హల్బీ పేర్లను హిందీలో ఒకలా, ఇంగ్లిషులో రెండుమూడు రకాలుగా రాసేస్తారు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి, రెండో గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. సొంత పేరు తెలియదు అని దాని అర్థం! సదస్సు ఆహ్వానపత్రం, బీమా, హోటల్ బుకింగ్, యజమాని ఇచ్చే లేఖ, అన్నిటిలోనూ పేరు అక్షరం పొల్లుపోకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆహ్వానపత్రం కోరేటప్పుడే పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, సదస్సు తేదీలు, ఖర్చు ఎవరు భరిస్తారన్నది అందులో రాయమని నిర్వాహకులను అడగాలి. ‘సదస్సుకు స్వాగతం’ అన్న ఒక్క వాక్యపు ఈమెయిల్ ఎందుకూ పనికిరాదు.

ప్రభుత్వ ఉద్యోగులకు శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, విదేశీ ప్రయాణానికి సెలవు అనుమతి కావాలి. ఆ ఫైలు బ్లాకు నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాయ్‌పూర్‌కు వెళ్లి రావాలి. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యలో కేశ్‌కాల్ ఘాట్. ఫైలు మనిషి కంటే నెమ్మదిగానే ప్రయాణిస్తుందని వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా ముందే తేలాలి. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానికి తోడు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా. అమెరికా సందర్శక వీసా రుసుము 2023 నుంచి 185 డాలర్లు. వీసా రాకపోయినా ఈ రుసుములు తిరిగి రావు. చాలా సదస్సులు పేద, మధ్యాదాయ దేశాల వారికి స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. మన దేశంలో ఐసీఎంఆర్, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వంటి సంస్థల ప్రయాణ సహాయ పథకాలున్నాయి. అయితే వీటిలో చాలా వరకు పరిశోధకులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. క్షేత్రంలో రక్తం తీసే మనిషికి అవి సరిగా అమరవు.

తిరిగి వస్తారనే రుజువు

వీసా అధికారి మలేరియా గురించి పరీక్ష పెట్టడు. అతనికి కావలసింది, ఈ మనిషి సదస్సు అయ్యాక తిరిగి వెళతాడా లేదా అన్నది. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, వచ్చే ప్రతివారూ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నారని మొదట అనుకోవాలి. కాదని నిరూపించుకునే బాధ్యత దరఖాస్తుదారుడిదే. ఆ తిరస్కరణ మీద అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేసుకోవడమే. షెంగెన్ దేశాలు తిరస్కరిస్తే కారణం గుర్తుపెట్టిన పత్రం ఇవ్వాలి, అప్పీలుకు వీలుండాలి.

రుజువులుగా చూసేవి జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా, ఆస్తి, కుటుంబం, గతంలో చేసిన విదేశీ ప్రయాణాలు. ఇప్పుడు బస్తర్ వైపు చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తకు సమానమైన మనిషి ‘మితానిన్’. స్నేహితురాలు అని అర్థం. ఆశా పథకం దేశమంతా రాకముందే, 2002లో ఆ రాష్ట్రంలో మొదలైన వ్యవస్థ ఇది. మితానిన్‌కు వచ్చేది ప్రధానంగా పనిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకం, నెలనెలా వచ్చే జీతపు చీటీ కాదు. ఆమె కుటుంబానికి భూమి ఉంటే అది తరచుగా అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. 2006 నాటి ఆ చట్టం ప్రకారం ఆ హక్కు వారసులకు వెళుతుంది గానీ అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. అమ్మలేని భూమికి మార్కెట్ విలువ రాసివ్వడం ఎలా? నాకు ఇది చాలా విచిత్రంగా కనిపిస్తుంది. అమ్ముకోలేని భూమిని పట్టుకుని ఉన్న మనిషి కంటే సొంత ఊరికి గట్టిగా కట్టుబడిన వారెవరు? కానీ దరఖాస్తులో ఆ గడి లేదు. అయినా పట్టా నకలు, దానికి అనువాదం, గ్రామసభ లేదా పంచాయతీ లేఖ, ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నారో చెప్పే శాఖ లేఖ జతచేయడం మంచిదే. ‘సదస్సు తరువాత ఫలానా తేదీన తిరిగి విధుల్లో చేరాలి’ అన్న ఒక్క వాక్యం ఆ లేఖలో ఉంటే బరువు పెరుగుతుంది.

ఇంటర్వ్యూకు ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకో లెక్క. అమెరికా లెక్కలో ఛత్తీస్‌గఢ్ ముంబయి కాన్సులేట్ పరిధిలోది. దేశంలో ఏ కేంద్రంలోనైనా తేదీ తీసుకోవచ్చు కాబట్టి, 2008లో తెరిచి 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన హైదరాబాద్ కాన్సులేట్ బస్తర్ వారికి దగ్గర. షెంగెన్‌కు తొలిసారి వేలిముద్రలు ఇవ్వడానికి మనిషే వెళ్లాలి. ఆ ముద్రలు 59 నెలలు పనికొస్తాయి. ఇంటర్వ్యూలో హిందీలోనో తెలుగులోనో మాట్లాడటానికి సంకోచించనక్కర్లేదు. మన దేశంలోని అమెరికా కాన్సులేట్లలో ప్రధాన భారతీయ భాషల్లోనూ ఇంటర్వ్యూలు జరుగుతాయి. తన పోస్టర్‌లో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పగలగడం మాత్రం తప్పనిసరి.

జొనాథన్ మాన్ మార్చిన వేదిక

వీసా అడ్డంకి కారణంగా ఒక పెద్ద సదస్సే దేశం మారిన ఉదాహరణ ఉంది. 1987 నుంచి అమెరికా హెచ్ఐవీ ఉన్న విదేశీయులను రానివ్వలేదు. 1992లో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు బోస్టన్‌లో జరగాలి. జబ్బు ఉన్నవారే రాలేని చోట ఆ జబ్బు గురించి సదస్సు ఏమిటని నిరసన వచ్చింది. నిర్వాహకులు దాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలించారు. ఆ సదస్సు అధ్యక్షుడు జొనాథన్ మాన్, అంతకుముందు ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఎయిడ్స్ కార్యక్రమాన్ని నడిపిన వైద్యుడు. 1998లో జెనీవాకు వెళుతూ స్విస్‌ఎయిర్ విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన పేరు మీద ఆరోగ్యం, మానవ హక్కుల రంగంలో ఒక అవార్డు వచ్చింది.

2008లో ఆ అవార్డు ఛత్తీస్‌గఢ్‌కే వచ్చింది. మితానిన్ పథకానికి సలహాలిచ్చిన వారిలో ఒకరైన పిల్లల వైద్యుడు బినాయక్ సేన్‌ను గ్లోబల్ హెల్త్ కౌన్సిల్ ఎంపిక చేసింది. వాషింగ్టన్‌లో మే నెలాఖరున జరిగిన వార్షిక సదస్సులో దాన్ని అందుకోవాలి. మావోయిస్టులతో సంబంధాల ఆరోపణపై ఏడాది ముందు అరెస్టైన ఆయన అప్పుడు రాయ్‌పూర్ జైల్లో ఉన్నారు. స్వయంగా అవార్డు అందుకునేందుకు విడుదల చేయాలని 22 మంది నోబెల్ విజేతలు లేఖ రాశారు. ఆయన వెళ్లలేకపోయారు. 2009లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. 2010 డిసెంబరులో రాయ్‌పూర్ కోర్టు దేశద్రోహం కేసులో జీవితఖైదు విధించింది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ బెయిలిచ్చింది. ఇది వీసా కథ కాదు, కోర్టు కథ. అయినా ప్రజారోగ్య సదస్సులో ఛత్తీస్‌గఢ్ కుర్చీ ఖాళీగా ఉండిపోవడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఇదే.

అమెరికా హెచ్ఐవీ నిషేధాన్ని 2010 జనవరిలో ఎత్తేసింది. దాంతో 2012 ఎయిడ్స్ సదస్సు వాషింగ్టన్‌లో జరిగింది. కానీ సెక్స్ వర్కర్లకు ప్రవేశంపై ఆంక్షలు అలాగే ఉన్నాయి. వాళ్లు ఊరుకోలేదు. అదే వారంలో కోల్‌కతాలో వివిధ దేశాల సెక్స్ వర్కర్లతో సమాంతర సమావేశం పెట్టుకున్నారు. వీసా దొరకని వారు తమకు దొరికే చోటే వేదిక కట్టుకున్నారన్నమాట. 2022లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ఎయిడ్స్ సదస్సుకు ఆఫ్రికా ప్రతినిధుల్లో చాలామందికి వీసాలు రాలేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ అధిపతి విన్నీ బ్యాన్యిమాను సైతం జెనీవా విమానాశ్రయంలో దాదాపు ఆపేసినంత పని చేశారని ఆమే చెప్పుకున్నారు. అంతటి హోదా ఉన్నవారికే అలా జరిగితే మిగతావారి సంగతి ఊహించుకోవచ్చు.

ఈ అనుభవాల తరువాత వేదిక ఎంపికలో కొంత మార్పు కనిపిస్తోంది. రువాండా 2018 నుంచి అన్ని దేశాల వారికీ అక్కడికి చేరాక వీసా ఇచ్చే పద్ధతి పెట్టింది. 2024 ఏప్రిల్‌లో ఆఫ్రికా మలేరియా సదస్సు, 2025 జులైలో హెచ్ఐవీ విజ్ఞాన సదస్సు ఆ దేశ రాజధాని కిగాలీలోనే జరిగాయి. బస్తర్ మలేరియా మనిషికి ఐరోపా కంటే కిగాలీ అన్ని విధాలా దగ్గరి వేదిక అని నా అభిప్రాయం. ఎదుట కూర్చునేవారి సమస్యా అదే.

ఆఫ్రికా ప్రయాణంలో మనవారు మరచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ఆ జబ్బును మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మన దేశమంతా ఉంది, డెంగీ తెచ్చేదీ అదే. కానీ ఎల్లో ఫీవర్ వైరస్ ఇంతవరకు ఇక్కడ నాటుకోలేదు. ఒక్కసారి వస్తే ఏమవుతుందోనన్న భయంతోనే మన ప్రభుత్వం చాలా కచ్చితంగా ఉంటుంది. ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగి వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేస్తారు.

మన తలుపు సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. భారత్‌లో జరిగే సదస్సులకు విదేశీయులు ప్రత్యేకంగా కాన్ఫరెన్స్ వీసా తీసుకోవాలి. నిర్వాహకులకు ప్రభుత్వ అనుమతులుండాలి. కొన్ని దేశాల వారికి హోంశాఖ అనుమతి అదనం. మన దగ్గరికి రావాలనుకునే పొరుగు దేశపు మలేరియా పరిశోధకుడు కూడా ఇలాగే తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

ఇంత చేసినా వీసా రాకపోతే? వెంటనే తిరస్కరణ పత్రంతో సహా నిర్వాహకులకు రాయాలి. రిజిస్ట్రేషన్ రుసుము వాపసు ఇవ్వడానికి చాలా సదస్సులు ఆ పత్రం అడుగుతాయి, దానికీ గడువు ఉంటుంది. సహ రచయితల్లో ఎవరైనా అక్కడ ఉంటే పోస్టర్ ఫైలు వారికి పంపి, వారి పేరు మీదికి ప్రదర్శన మార్పించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలుంటే ముందే రికార్డు చేసి పంపడం మంచిది. బీజాపూర్, సుక్మా లోపలి ఊళ్లలో నెట్‌వర్క్ మీద ఆధారపడి ప్రత్యక్షంగా మాట్లాడాలంటే కష్టం, పైగా అక్కడి మధ్యాహ్నం ఇక్కడి రాత్రి కావచ్చు. సారాంశాన్ని ఉపసంహరించుకోవలసిన పని మాత్రం లేదు. ఎవరూ నిలబడని పోస్టర్‌కు కూడా సదస్సు పుస్తకంలో నంబరు ఉంటుంది. ఎరిట్రియాలోని టెక్నీషియన్ ఆ నంబరు చూసి ఈమెయిల్ రాయవచ్చు.